జర్మనీలో భర్త దగ్గరికి వెళ్తున్న నర్సు: అక్కడ ఉద్యోగానికి ఇక్కడే ఏమేం సిద్ధం చేసుకోవాలి?

కావలి_బస్టాండు

అందరికీ నమస్కారం. మాది కావలి. మా చెల్లెలు నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ 2019లో చేరి 2023లో పాసయింది. రెండేళ్ళు నెల్లూరులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేసింది. పెళ్ళయింది. బావది ఒంగోలు, స్టుట్‌గార్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బ్లూ కార్డు (పెద్ద చదువున్న ఉద్యోగులకు అక్కడ ఇచ్చే పర్మిట్) ఉంది. చెల్లికి ఫ్యామిలీ వీసా స్టాంపింగ్ అయిపోయింది, ఇంకో రెండు నెలల్లో ప్రయాణం.

అడగాల్సింది ఏందంటే, ఒక ఏజెన్సీ వాళ్ళు 4 లక్షలు కడితే అక్కడ నర్సు ఉద్యోగం మేమే చూపిస్తాం అంటున్నారు. అది కట్టాలా? కట్టకుండా సొంతంగా ఎట్టా పోవాలి? జర్మన్ భాషలో మొదటి మెట్టు ఏ1 సగం అయింది. దిగిన రెండు మూడు నెలల్లో ఉద్యోగంలో చేరొచ్చని చుట్టాలు చెప్తున్నారు, నిజమేనా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి, ప్లీజ్.

పెన్నా_ఒడ్డు

4 లక్షలు కట్టొద్దు. ఏజెన్సీ అమ్మేది ప్రధానంగా వీసా, దాని వెనకాల ఆసుపత్రి ఒప్పందం. మీ చెల్లెలికి వీసా ఇప్పటికే ఉంది. కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా ద్వారా నడిచే ట్రిపుల్ విన్ పథకంలో అయితే నర్సు దగ్గర రిక్రూట్‌మెంట్ ఫీజే తీసుకోరు, ఖర్చు పనిలో పెట్టుకునేవాళ్ళే భరిస్తారు. జర్మనీలో నర్సుల కొరత అంతగా ఉంది.

వీసా స్టిక్కర్ ఒకసారి తీసి చూడండి. కింద రిమార్కుల దగ్గర "ఎర్వెర్బ్స్‌టేటిష్‌కైట్" అనే పొడవాటి మాట, దాని పక్కన "ఎర్‌లౌప్ట్" గానీ "గెష్టాటెట్" గానీ ఉంటుంది. ఏ ఉద్యోగమైనా, వ్యాపారమైనా చేసుకోవచ్చని అర్థం. దిగిన రోజు నుంచే వర్తిస్తుంది. అమెరికాలో భార్యలకిచ్చే హెచ్4 వీసా లాగా విడిగా పర్మిట్ కోసం ఎదురుచూసే పని లేదు.

అయితే మీ చుట్టాలు చెప్పింది సగమే నిజం. వీసా పని చేయనిస్తుంది, కానీ నర్సుగా పని చేసేందుకు లైసెన్సు వేరే ఉండాలి. జర్మనీలో నర్సింగ్ నియంత్రిత వృత్తి. "ఫ్లేగెఫాఖ్‌ఫ్రౌ" అనే బిరుదు మీద అక్కడి రాష్ట్రం సర్టిఫికెట్ ఇస్తే తప్ప ఎవరినీ నర్సుగా పెట్టుకోరు. మన డిగ్రీని వాళ్ళ చదువుతో పోల్చి ఒప్పుకునే ఈ ప్రక్రియను "అనెర్‌కెన్నుంగ్" అంటారు. దీనికి, జర్మన్ బీ2కి (ఏ1, ఏ2, బీ1 తర్వాత వచ్చే నాలుగో మెట్టు) కలిపి, దిగిన తర్వాత మొదలుపెడితే ఏడాదిన్నర దాకా పట్టేది మామూలే. కాగితాలు ఇక్కడి నుంచే సర్దుకుని వెళ్తే అందులో చాలా నెలలు మిగులుతాయి. కాబట్టి ఈ రెండు నెలలు షాపింగ్ మీద కంటే కాలేజీ చుట్టూ తిరగడం మీద పెట్టండి.

తేవాల్సినవాటిలో అన్నిటికంటే ముఖ్యం సబ్జెక్టు వారీగా గంటల లెక్క. అక్కడి నర్సింగ్ చదువు మొత్తం కనీసం 4600 గంటలు: 2100 తరగతి గదిలో, 2500 ఆసుపత్రిలో. పరిశీలించే ఆఫీసరు మీ చెల్లెలి చదువును ఈ చట్రంలో పెట్టి చూస్తాడు. మార్కుల లిస్టులో గంటలుండవు. అది ఒక్కటే పంపితే "లెక్క తేలలేదు" అని వెనక్కొస్తుంది, లేదా గంటలు తక్కువున్నాయని రాసేస్తారు. అందుకని కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రతి సబ్జెక్టుకూ థియరీ ఎన్ని గంటలు, క్లినికల్ ఎన్ని గంటలు, ఏ వార్డులో అని విడగొట్టి రాయించండి. మెడికల్, సర్జికల్, పిల్లల వార్డు, ప్రసూతి, మానసిక వైద్యం, కమ్యూనిటీ, వృద్ధుల సంరక్షణ దేనికది వేరుగా ఉండాలి. ప్రిన్సిపాల్ సంతకం, రౌండ్ సీలు, తేదీ ప్రతి పేజీ మీదా.

ఒక చిన్న సూచన. కమ్యూనిటీ నర్సింగ్‌లో పల్లెల్లో ఇళ్ళకు పోయి చూసిన గంటలుంటాయి కదా, వాటిని "హోమ్ విజిట్స్" అని విడిగా చూపించమనండి. జర్మనీలో ఇంటికెళ్ళి చేసే నర్సింగ్ సిలబస్‌లో తప్పనిసరి భాగం, మనవాళ్ళకు లోటు పడేది ఎక్కువగా అక్కడా, వృద్ధాశ్రమ సంరక్షణలోనే.

గుండ్లకమ్మ

పై సలహాకు తోడుగా పేర్ల సంగతి. తెలుగువాళ్ళ దరఖాస్తులు ఆగేది ఇక్కడే.

పదో తరగతి మార్కుల లిస్టులో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. కాలేజీ సర్టిఫికెట్లో అదే ఇంటిపేరు ఒక్క అక్షరం, చుక్క. పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి సర్‌నేమ్ గడిలో. పెళ్ళయ్యాక పాస్‌పోర్టు మార్పిస్తే అత్తగారింటి పేరు. తెల్లవాళ్ళ ఆఫీసులో ఈ నాలుగూ నలుగురు మనుషుల్లా కనపడతాయి. దీనికి మందు: ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్, దాంతోపాటు పదో తరగతి లిస్టు, మ్యారేజ్ సర్టిఫికెట్. ఈ మూడూ ఒక జట్టుగా అన్ని చోట్లా జత చేయాలి. పాస్‌పోర్టు ఇంకా మార్పించకపోతే ఈ రెండు నెలల్లో మార్పించే పని పెట్టుకోవద్దు, వీసా దాని మీదే ఉంది.

మీ చెల్లెలి బ్యాచ్‌కు ఇంకో చిక్కు. ఆమె చేరినప్పుడు అది ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ. 2022లో వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరు తెచ్చారు. మొదటి ఏళ్ళ మెమోల మీద ఒక పేరు, డిగ్రీ మీద ఇంకో పేరు ఉండే అవకాశం ఎక్కువ. చూసేవాడికి రెండు యూనివర్సిటీలు అనిపిస్తుంది. గంటల లెక్క రాయించేటప్పుడే అదే కాగితం అడుగున "రెండు పేర్లూ ఒకే విశ్వవిద్యాలయానివి, విజయవాడలో ఉన్నది" అని కాలేజీ చేత ఒక్క వాక్యం రాయించండి.

రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్ నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్ది ఒరిజినల్ ఉండాలి. గడువు దగ్గరపడుతుంటే రెన్యువల్ ఇక్కడే చేయించండి. ఆసుపత్రి అనుభవం లెటర్‌లో "రెండేళ్ళు పనిచేసింది, ప్రవర్తన బాగుంది" అని రాస్తే ఉపయోగం లేదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, వారానికి ఎన్ని గంటలు, ఐసీయూలో ఎన్ని పడకలు, వెంటిలేటర్ రోగుల్ని చూసిందా, ఏ పనులు సొంతంగా చేసింది అని ఉండాలి. చదువులో పడిన లోటును అనుభవంతో పూడ్చుకోవచ్చని అక్కడి చట్టంలో ఉంది. ఆ పూడ్చేది ఈ కాగితమే.

తర్జుమా మాత్రం ఇక్కడ చేయించొద్దు, డబ్బు దండగ. జర్మన్ కోర్టు దగ్గర ప్రమాణం చేసిన అనువాదకుల తర్జుమానే ఎక్కువ ఆఫీసులు అడుగుతాయి. వాళ్ళ జాబితా జర్మనీ న్యాయశాఖ వెబ్‌సైట్లో ఉంటుంది, ఇంగ్లీషు నుంచి జర్మన్ చేసేవాళ్ళు వందల్లో ఉన్నారు. స్కాన్ పంపితే ఇక్కడి నుంచే మొదలుపెట్టించవచ్చు. పేజీ లెక్కన గానీ లైను లెక్కన గానీ తీసుకుంటారు కాబట్టి సిలబస్ పుస్తకం మొత్తం తర్జుమాకు ఇవ్వకండి. ముందు ఆఫీసు ఏం అడిగిందో చూసి అంతవరకే.

హెల్త్ సర్టిఫికెట్, పోలీసు క్లియరెన్స్ ఇప్పుడే తీసుకుని పెట్టుకోకండి. అవి లైసెన్సు చేతికొచ్చే చివరి మెట్టులో అడుగుతారు, మామూలుగా మూడు నెలల కంటే పాతవి ఒప్పుకోరు.

ఉదయగిరి_బాట

అనెర్‌కెన్నుంగ్ ఎట్టా నడుస్తుందో దశల వారీగా చెప్తాను.

స్టుట్‌గార్ట్ ఉన్నది బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో. అక్కడ నర్సుల డిగ్రీలు చూసేది స్టుట్‌గార్ట్ రెగీరుంగ్స్‌ప్రెసీడియుం, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ కార్యాలయం. బెర్లిన్ అయితే లాగెసో, బవేరియా అయితే లాండెస్‌అమ్ట్ ఫ్యూర్ ఫ్లేగె. రాష్ట్రానికో ఆఫీసు, రాష్ట్రానికో ఫారం. కాబట్టి వేరే రాష్ట్రంలో ఉన్న స్నేహితురాలి జాబితా పట్టుకుని పోవద్దు. "అనెర్‌కెన్నుంగ్ ఇన్ డాయిచ్‌లాండ్" అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో వృత్తి, ఊరు కొడితే సరైన ఆఫీసు చూపిస్తుంది, ఇంగ్లీషులో కూడా ఉంది. ఇండియాలో ఉండగానే దరఖాస్తు పెట్టొచ్చు. బయటి దేశాల్లో ఉన్నవాళ్ళకు సలహా చెప్పేదానికే బాన్‌లో జెడ్ఎస్‌బీఏ అనే కేంద్రం ఉంది, వాళ్ళు కాగితాలు సరిచూసి పెడతారు, ఫీజు లేదు.

కాగితాలన్నీ చేరాక మూడు నాలుగు నెలల్లో నిర్ణయం రావాలి. "అన్నీ చేరాక" అన్నది గమనించండి. ఒక్కటి తక్కువైనా ఆ గడియారం మొదలే కాదు. వచ్చేది ఎక్కువగా "డెఫిట్సిట్‌బెషైడ్", అంటే ఏయే విషయాల్లో లోటుందో రాసిన ఉత్తర్వు. అది చూసి రిజెక్ట్ అయిందని కంగారు పడాల్సిన పని లేదు. భారతదేశం నుంచి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమందికి వచ్చేది అదే. దాని మీదే తర్వాతి మెట్టు ఎక్కాలి.

ఆ మెట్టుకు రెండు దారులున్నాయి. ఒకటి అన్‌పాసుంగ్స్‌లేర్‌గాంగ్: లోటున్న విభాగాల్లో ఆసుపత్రిలో, స్కూల్లో కొన్ని నెలలు పనిచేస్తూ నేర్చుకుని, చివర్లో ఒక సంభాషణతో ముగించేది. రెండోది కెంట్‌నిస్‌ప్రూఫుంగ్: నోటి పరీక్ష 45 నుంచి 60 నిమిషాలు, ఇంకా రోగుల దగ్గర ప్రాక్టికల్. ఫెయిలైతే ఒక్కసారే మళ్ళీ రాయనిస్తారు.

ఏది తీసుకోవాలంటే, ఐసీయూ చేసిన అమ్మాయి కాబట్టి పరీక్షే తొందరగా అవుతుందని చాలామంది చెప్తారు. నేను ఒప్పుకోను. పరీక్షలో ఓడేది నర్సింగ్ రాక కాదు, జర్మన్‌లో "ఎందుకు ఇట్టా చేశారు, ముందు ఏం గమనించారు" అంటే గబుక్కున చెప్పలేక. అన్‌పాసుంగ్‌లో ఆ మాటలు రోజూ చెవిన పడతాయి, జీతం కూడా వస్తుంది. బీ2 గట్టిగా ఉండి, ఇంటర్వ్యూల్లో తడబడని మనిషైతేనే పరీక్ష.

ఇంకో సంగతి, 2024 నుంచి డిగ్రీ పోలిక వద్దనుకుని నేరుగా ఈ రెండింటిలో ఒకదానికి పోయే వీలు చట్టంలో వచ్చింది. గంటల కాగితం దొరకని వాళ్ళకు అది వరం. మీ చెల్లెలికి కాలేజీ దగ్గరే కాబట్టి పోల్చి చూపించుకోవడమే మేలు, లోటు చిన్నదైతే అన్‌పాసుంగ్ కూడా చిన్నదవుతుంది.

ఈ ట్రైనింగ్ ఎవరు ఇస్తారంటే, పెద్ద ఆసుపత్రులే. డెఫిట్సిట్‌బెషైడ్ చేతిలో ఉన్న మనిషిని వాళ్ళు ముందే పెట్టుకుని, కోర్సు ఖర్చు భరించి, లైసెన్సు వచ్చాక నర్సు జీతానికి మారుస్తారు. ఉద్యోగ దరఖాస్తు లెటర్లో ఆ ఉత్తర్వు చేతిలో ఉందన్న మాట మొదటి రెండు లైన్లలో రావాలి.

మైపాడు_గాలి

భాష గురించి కొంచెం గట్టిగా చెప్తాను, ఎందుకంటే అందరూ ఇదే చివరికి వదిలేస్తారు.

బ్లూ కార్డు వాళ్ళ భార్యలకు వీసాకు ఏ1 కూడా అక్కర్లేదు. ఈ సౌకర్యమే చాలామందిని దెబ్బ తీస్తుంది. పరీక్ష లేదు కాబట్టి చదవకుండా వెళ్తారు, వెళ్ళాక ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు, ఏడాది గడిచిపోతుంది.

సున్నా నుంచి బీ2కి, జర్మన్ నేర్పే గోయథే సంస్థ వాళ్ళ లెక్క ప్రకారం 600 నుంచి 800 పీరియడ్లు, పీరియడు 45 నిమిషాలు. రోజుకు నాలుగు పీరియడ్లు, వారానికి ఐదు రోజులు చదివినా ఏడెనిమిది నెలలకు తక్కువ కాదు, అదీ మధ్యలో ఆగకుండా. యాప్‌తో బీ2 రాదు. యాప్ మాటలు నేర్పుతుంది, వాక్యం కట్టడం నేర్పదు. మన భాషలాగే జర్మన్‌లో కూడా చాలా వాక్యాల్లో క్రియ చివరికి వస్తుంది. ఇంగ్లీషు ద్వారా కాకుండా తెలుగులో ఆలోచించి చూస్తే ఆ చోట తేలిగ్గా పట్టుబడుతుంది, ప్రయత్నించి చూడమనండి.

ఈ రెండు నెలల్లో ఏ1 ముగించి ఏ2 మొదలుపెట్టాలి. పరీక్ష రాయాలనుకుంటే నెల్లూరు నుంచి దగ్గర చెన్నై గోయథే, రైల్లో మూడు గంటల దారి. ఆన్‌లైన్ క్లాసులు కూడా వాళ్ళవి ఉన్నాయి. అక్కడికి వెళ్ళాక రెసిడెన్స్ కార్డు ఇచ్చే ఆఫీసులో ఇంటిగ్రేషన్ కోర్సు అర్హత కాగితం అడగాలి. మామూలు కోర్సులో 600 పీరియడ్లు భాష, 100 పీరియడ్లు దేశం గురించి. బీ1 దాకా తీసుకెళ్తుంది. ఆ తర్వాత ఉద్యోగ భాషా కోర్సుల్లో బీ2. ఏ ఊళ్ళో అయినా సీటు కోసం వెయిటింగ్ ఉంటుంది కాబట్టి దిగిన వారంలోనే రెండు మూడు స్కూళ్ళలో పేరు ఇవ్వాలి.

గోయథే బీ2లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగూ వేర్వేరు మాడ్యూళ్ళు. ఒక్కోదాంట్లో నూటికి 60 రావాలి, పోయినదొక్కటే మళ్ళీ రాసుకోవచ్చు. టెల్క్ అనే ఇంకో పరీక్షల సంస్థలో నర్సుల కోసమే బీ1-బీ2 ఫ్లేగె అని ఒక పరీక్ష ఉంది. మీ రాష్ట్రపు ఆఫీసు ఏది ఒప్పుకుంటుందో అడిగి అదే రాయండి.

ఇక వార్డులో పని. మన దగ్గర రోగి ఒళ్ళు తుడవడం, అన్నం తినిపించడం, బెడ్‌పాన్ పెట్టడం ఆయమ్మలు, పక్కనుండే బంధువులు చూసుకుంటారు. జర్మనీలో రాత్రి పక్కన ఎవరూ ఉండరు. పొద్దున ఆరున్నరకు డ్యూటీ ఎక్కిన నర్సే గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పెట్టుకుని, ముఖం నుంచి మొదలుపెట్టి కాళ్ళ దాకా తుడిచి, వీపు మీద ఒత్తిడి పుండు మొదలవుతోందా అని చర్మం చూసి, తిప్పి పడుకోబెట్టి, ఆ చూసింది రాయాలి. అక్కడ దాన్ని తక్కువ పనిగా చూడరు, నర్సింగ్ అంటే అదే అంటారు. మరోపక్క మన ఐసీయూ పిల్ల రోజుకు ఇరవై సార్లు చేసే రక్తం తీయడం, క్యాన్యులా పెట్టడం చాలా ఆసుపత్రుల్లో డాక్టర్లు చేస్తారు. ఇంటర్వ్యూలో "మీ నైపుణ్యం ఏమిటి" అంటే క్యాన్యులా అని ఒక్కటే చెప్తే ఎదుటివాళ్ళకు మీ పని అర్థం కాదు. పుండ్లు రాకుండా చూడడం, పడిపోకుండా చూడడం, నొప్పి స్కేలు మీద రాయడం, ఇవి చెప్పాలి.

షిఫ్టు మారేటప్పుడు జరిగే ఊబర్‌గాబె, అంటే అప్పగింతలు, అక్కడే భాష బయటపడుతుంది. "పేషెంట్ ఇస్ట్ న్యూష్టర్న్" అంటే పరగడుపున ఉన్నాడు, ఏమీ పెట్టొద్దు అని. ఆ ఒక్క మాట తెలియక టీ ఇస్తే ఆపరేషను వాయిదా పడుతుంది. ఇట్టాంటి మాటలు ఓ రెండు వందలు నోట్సు రాసుకుని వెళ్ళమనండి. ఇంకా స్టుట్‌గార్ట్ వైపు ముసలివాళ్ళు మాట్లాడేది ష్వేబిష్ యాస, పుస్తకం జర్మన్‌లా ఉండదు. మొదట్లో అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని అడగడం తప్పు కాదు, అర్థమైనట్టు తలూపడమే తప్పు.

కావలి_బస్టాండు

మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. ఏజెన్సీకి వద్దని చెప్పేశాము. ఇంకో అనుమానం. బీ2 అయ్యేదాకా ఏడాది ఖాళీగా ఉండాలా? హెల్పర్‌గా చేరొచ్చా? సూపర్‌మార్కెట్లోనో గోడౌన్లోనో చేస్తే ఎక్కువ వస్తుందని బావ స్నేహితులు అంటున్నారట. జీతంలో టాక్స్ చాలా పోతుందని కూడా చెప్తున్నారు.

పెన్నా_ఒడ్డు

హెల్పర్‌గా చేరొచ్చు, దానికి లైసెన్సు అక్కర్లేదు. వృద్ధాశ్రమాల్లో, ఇళ్ళకెళ్ళి చూసే సంస్థల్లో కనీస కూలి చట్టమే పెట్టింది: 2025 జులై నుంచి 2026 జూన్ దాకా శిక్షణ లేని హెల్పర్‌కు గంటకు 16.10 యూరోలు, హెల్పర్ శిక్షణ ఉంటే 17.35, పూర్తి నర్సుకు 20.50. మామూలు కనీస వేతనం 2026లో 13.90. కాబట్టి గోడౌన్ ఎక్కువిస్తుందన్న మాట చాలాచోట్ల తప్పు. పైగా గోడౌన్లో బార్‌కోడుతో మాట్లాడతారు, వృద్ధాశ్రమంలో మనుషులతో మాట్లాడతారు. జర్మన్ ఎక్కడ వస్తుందో మీరే చెప్పండి.

ఫుల్ టైమ్ మాత్రం వద్దు. వారానికి 40 గంటలు, షిఫ్టులు, ఆపైన బీ2 క్లాసు అంటే కుదరదు, మానేసేది క్లాసే అవుతుంది. సగం ఉద్యోగం గానీ మినీజాబ్ గానీ చూడండి. మినీజాబ్ అంటే 2026లో నెలకు 603 యూరోల దాకా. మామూలుగా ఆమె చేతి నుంచి టాక్స్ పోదు. బావ ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్సులో ఉంటే ఆమె ఆయన ఫ్యామిలీ ఇన్సూరెన్సులో ఉచితంగానే కొనసాగుతుంది. 603 దాటితే ఆమెకు సొంత ఇన్సూరెన్సు, కంపెనీయే కడుతూ ప్రీమియంలో ఆమె వాటాను జీతంలోంచి కోస్తుంది. బావది ప్రైవేటు ఇన్సూరెన్సు అయితే ఈ ఉచితం లేదు, భార్యకు విడిగా ప్రీమియం. ఇది ముందే కనుక్కోండి.

టాక్స్ మాట. జీతంలో నెలనెలా ఎంత కోయాలో టాక్స్ క్లాసును బట్టి ఉంటుంది. పెళ్ళయినవాళ్ళను మొదట ఇద్దరినీ 4వ క్లాసులో వేస్తారు. బావ 3 తీసుకుని చెల్లి 5లో ఉంటే ఆయన చేతికి ఎక్కువ, ఆమె చేతికి బాగా తక్కువ వస్తుంది. ఏడాది చివర రిటర్న్ వేసినప్పుడు ఇద్దరి మొత్తం టాక్స్ ఒకటే, కాబట్టి నష్టం అనుకోవద్దు. అయితే బిడ్డ పుట్టినప్పుడు వచ్చే ఎల్టెర్న్‌గెల్డ్, ఉద్యోగం పోతే వచ్చే భృతి ఆమె చేతికొచ్చే నికర జీతం మీద లెక్కిస్తారు. 5లో ఉంటే అవీ తగ్గుతాయి. ఆమె ఉద్యోగంలో చేరగానే 4, 4కు మారడం గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

ఇవన్నీ కదలాలంటే మొదట ఇంటి రిజిస్ట్రేషన్. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు, ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితంతో. అది అయ్యాక కొన్ని వారాల్లో 11 అంకెల టాక్స్ నంబరు పోస్టులో వస్తుంది. పోస్టు పెట్టె మీద ఆమె పేరు అంటించి ఉండాలి, లేకపోతే ఆ ఉత్తరం వెనక్కి పోతుంది. చిన్న సంగతే గానీ నెల రోజులు దీంతోనే పోతాయి. రెసిడెన్స్ కార్డు అపాయింట్‌మెంటు ఆలస్యమై వీసా గడువు దగ్గరపడితే గడువులోపే దరఖాస్తు పెట్టి ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక కాగితం అడగాలి. దాని మీద కూడా పని అనుమతి రాసి ఉందో లేదో చూసుకోవాలి. ఆ మాట లేకపోతే హెచ్ఆర్ వాళ్ళు మర్నాటి నుంచి రావొద్దంటారు.

సింగరాయకొండ_పిల్ల

మధ్యలో వచ్చినందుకు మన్నించండి. మా వదిన బీటెక్, జేఎన్టీయూ కాకినాడ కింద ఒంగోలు దగ్గర కాలేజీ. తను కూడా భర్త దగ్గరికి జర్మనీ వెళ్తోంది. తనకూ ఇదంతా ఉంటుందా?

ఉదయగిరి_బాట

ఉండదమ్మా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి లైసెన్సు లేదు, నచ్చితే తీసుకుంటారు. డిగ్రీ విలువ చూపించేదానికి, విదేశీ యూనివర్సిటీల జాబితా ఉండే అనాబిన్ అనే వెబ్‌సైట్లో యూనివర్సిటీ పేరు వెతకండి. కాలేజీ పేరు కొడితే దొరకదు, డిగ్రీ మీద ఏ యూనివర్సిటీ ఉందో అది కొట్టాలి. హెచ్ ప్లస్ (గుర్తింపు ఉందని అర్థం) ఉంటే ఆ పేజీ ప్రింటు తీసుకుంటే చాలు. కంపెనీ ప్రత్యేకంగా అడిగితే విదేశీ డిగ్రీలను పోల్చి చూసే జెడ్ఏబీ అనే ఆఫీసు దగ్గర పోలిక సర్టిఫికెట్ తీసుకోవాలి, ఫీజు 208 యూరోలు. వదిన చేయాల్సిన ముఖ్యమైన పని ఒకటే: సీవీలో పేరు, ఫోను కింద "పని అనుమతి పూర్తిగా ఉంది, స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు" అని జర్మన్‌లో ఒక లైను. భారతీయ పేరు చూడగానే వీసా తలనొప్పి అనుకుని పక్కన పెట్టే హెచ్ఆర్‌లు ఆ లైను చూసి తెరుస్తారు. ఇది కావలి అమ్మాయికి కూడా వర్తిస్తుంది.

గుండ్లకమ్మ

ఇంకో మూడు, మర్చిపోయేవి.

తట్టు టీకా. 2020 మార్చి నుంచి జర్మనీలో ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు, 1970 తర్వాత పుట్టినవాళ్ళయితే, తట్టు నుంచి రక్షణ ఉన్నట్టు రుజువు చూపించాలి, అంటే రెండు డోసులు. చిన్నప్పటి టీకా కార్డు ఇంట్లో ట్రంకు పెట్టెలో వెతకండి. దొరక్కపోతే ఇక్కడే రక్తంలో యాంటీబాడీ పరీక్ష గానీ, డాక్టరు సలహాతో ఎంఎంఆర్ టీకా గానీ వేయించి, తేదీ, బ్యాచ్ నంబరు, సీలు ఉన్న సర్టిఫికెట్ తీసుకోండి. నర్సు కాబట్టి హెపటైటిస్ బి కార్డు కూడా.

కాంట్రాక్టు. కోర్సు ఖర్చు ఆసుపత్రి పెడితే "ఇన్నేళ్ళలోపు మానేస్తే తిరిగి కట్టాలి" అని ఒక క్లాజు ఉండొచ్చు. ఎంత మొత్తం, ఎన్నేళ్ళు, పనిచేసిన నెలల కొద్దీ తగ్గుతుందా అన్నది సంతకానికి ముందు రాతపూర్వకంగా అడగాలి. తగ్గే లెక్క లేకపోతే సంతకం పెట్టొద్దు. మొదటి ఆరు నెలలు ప్రొబేషన్ ఉంటే ఆ కాలంలో రెండు వారాల నోటీసుతో ఎవరైనా విడిపోవచ్చు.

మూడోది అన్నగా మీరు తెలుసుకోవాలి. ఫ్యామిలీ రెసిడెన్స్ పర్మిట్ భర్తతో కలిసి ఉండడం మీద నిలబడుతుంది. మామూలుగా జర్మనీలో మూడేళ్ళు కాపురం చేశాకే అది ఆయనతో సంబంధం లేకుండా ఆమె సొంత హక్కవుతుంది. హింస ఉన్నచోట దానికి మినహాయింపు ఉంది. అయితే నర్సు లైసెన్సు, ఉద్యోగ కాంట్రాక్టు చేతికొచ్చాక ఆమె తన పేరు మీదే నిపుణురాలి పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎవరి కాపురం మీదా అనుమానంతో చెప్పడం లేదు. ఆమె కార్డు ఆమె పేరు మీద ఉండడం ఆమెకూ, బావకు ఉద్యోగం అటూ ఇటూ అయితే ఆయనకూ మంచిదే.

కావలి_బస్టాండు

ట్రంకు పెట్టెలో టీకా కార్డు దొరికింది, తట్టు ఒక్క డోసే ఉంది. రెండోది ఈ వారం వేయిస్తున్నాం. సోమవారం కాలేజీకి పోతున్నాం గంటల కాగితం కోసం. మెమోలు చూస్తే గుండ్లకమ్మ గారు చెప్పినట్టే యూనివర్సిటీ పేర్లు రెండున్నాయి. ఆ వాక్యం కూడా రాయిస్తాము.